జింకకు చట్టం అండ. రైతుకు ఎవరి అండ?

కృష్ణా తీరాన నారాయణపేట జిల్లా కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల రైతులకు విత్తనం మొలకెత్తిన నాటి నుంచి కంటిమీద కునుకు ఉండదు. కృష్ణజింకలు మందలు మందలుగా చేలలో పడి లేత పైరును మేసిపోతున్నాయి. మేసింది కొంత, తొక్కింది మరికొంత. కంది, పత్తి, జొన్న అనే తేడా వాటికి లేదు. మొలక పోతే మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి పెట్టాలి. అదను తప్పిన పంట ఎంత పండుతుందో మెట్ట రైతుకు వేరే చెప్పనక్కరలేదు. దక్షిణాన కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లోనూ ఇదే గోడు.

ఈ బాధలో నుంచే ఒక మాట రచ్చబండల మీద వినవస్తోంది. వెనుకటి మాదిరిగా లైసెన్సులిచ్చి జింకలను కాల్పించాలన్నదే ఆ మాట. బాధ న్యాయమైనదే. అడిగే మందు మాత్రం సరైనది కాదు. ఎందుకు కాదో తెలియాలంటే లైసెన్సుల కాలంలో ఏం జరిగిందో ఒకసారి తిరగేసి చూడాలి.

కాగితం మీద ఆంక్షలు

బ్రిటిష్ ఇండియాలో అడవి పక్షులు, జంతువుల రక్షణ కోసం 1912లో ఒక చట్టం వచ్చింది. ఫలానా నెలల్లో జింకలను వేటాడరాదని గడువు పెట్టే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. అయితే ఆస్తిని కాపాడుకోవడానికి చంపితే ఆ చట్టం వర్తించదని అందులోనే మినహాయింపు ఉంది. అటు నిజాం ఏలుబడిలో వేట ప్రభువులకు వినోదం. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఆహార ధాన్యాల ఉత్పత్తి పెంచాలన్న ఉద్యమం సాగింది. పంట రక్షణ పేరిట పల్లెలకు తుపాకుల లైసెన్సులు ధారాళంగా వెళ్లాయి. వాటికి జీపులు, రాత్రిపూట కళ్లు చెదరగొట్టే దీపాలు తోడయ్యాయి.

కృష్ణజింక దట్టమైన అడవిలో దాగే జంతువు కాదు. బీళ్లలో, బయలు నేలల్లో తిరిగేది. జీపుకు అక్కడ అడ్డమేముంది? పాతవాళ్లు ఇర్రి అని పిలిచే మగది నల్లని మేనితో, మెలికలు తిరిగిన కొమ్ములతో తన నేలను కాచుకుంటూ ఒకేచోట నిలబడుతుంది. వేటగాడికి కావలసిందీ ఆ కొమ్ములే. ఎన్ని నిబంధనలు పెట్టినా, ఎంత కోత విధించినా, ఎన్ని జింకలు కూలుతున్నాయో లెక్క చూసే మనిషి బీడు మీద లేడు. పైగా మందలు తిరిగే పచ్చిక నేలలు ఏటేటా సాగులోకి పోయాయి.

ఫలితం ఏమిటి? 1947 నాటికి దేశంలో 80 వేల దాకా ఉన్న కృష్ణజింకలు 1964 నాటికి 8 వేలకు పడిపోయాయని అంచనా. అంటే 17 ఏళ్లలో పదింట తొమ్మిది పాళ్లు పోయాయి. జింకలను వేటాడి బతికిన వేటచిరుత గతి మరీ అధ్వానం. కొరియా సంస్థానంలో 1947లో ఒక్క రాత్రి మూడు వేటచిరుతలు తుపాకీకి కూలాయి. 1952లో ఆ జంతువు దేశంలో అంతరించిందని ప్రకటించారు. పాకిస్తాన్‌లో కృష్ణజింక పూర్తిగా కనుమరుగైంది. ఇక్కడి నుంచి ఒకనాడు అమెరికాలోని టెక్సాస్‌కు వెళ్లిన జింకల సంతతిలో కొన్నింటిని 1970 ప్రాంతంలో అక్కడి నుంచి తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. సొంత ఇంటి సొత్తును పరాయి ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్నట్లయింది.

అప్పుడు వచ్చింది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఇలాంటి చట్టం కావాలని తీర్మానాలు చేసిన 11 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చి దాని వేటను నిషేధించారు. మిగతా కొన్ని జంతువులకు లైసెన్సుల పద్ధతి ఇంకా కొన్నాళ్లు సాగింది. 1991 సవరణతో అదీ రద్దయింది. ఆ నిషేధం ఫలించింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017లో కృష్ణజింకను ప్రమాదం అంచున ఉన్న జంతువుల పట్టీ నుంచి తప్పించి, అంతగా ఆందోళన అక్కరలేని పట్టీలోకి మార్చింది.

నగరంలో ముద్దు, పల్లెలో నష్టం

హైదరాబాద్‌లో మెట్టుగూడ నుంచి తార్నాక, హబ్సీగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే రోడ్డు పక్కన సి.సి.ఎం.బి. పరిశోధనా సంస్థ ఉంది. అంతరించిపోయే జంతువుల కోసం ఆ సంస్థ నడిపే ప్రయోగశాల 2007లో కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక కృష్ణజింక పిల్లను పుట్టించింది. దానికి బ్లాకీ అని పేరు పెట్టారు. అదే దారిన ఉప్పల్, ఎల్బీనగర్ దాటి వెళితే వనస్థలిపురం వస్తుంది. నిజాం వేటకు ఉంచుకున్న అక్కడి అడవిని మహావీరుని 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో హరిణ వనస్థలిగా మార్చారు. కంచె లోపల జింకలు, కంచె బయట వాటిని చూడవచ్చే పిల్లలు. ఇవన్నీ మంచి పనులే. వీటిలో దేనికీ తప్పు పట్టనక్కరలేదు.

అయితే నగరంలో ఒక పిల్ల పుడితే పండుగ చేసుకున్నారు. పల్లెలో వంద జింకలు చేను మేస్తే పట్టించుకున్న నాథుడు లేడు. జింకను కాపాడడం దేశమంతటి కోరిక. దానికయ్యే ఖర్చు మాత్రం రెండెకరాల మెట్ట రైతు నెత్తిన పడుతోంది. అసలు అన్యాయం ఇక్కడ ఉంది.

రోళ్లపాడు అనుభవం చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటైంది. పచ్చిక పెరిగింది, జింకలూ పెరిగాయి. అవి చుట్టుపక్కల ఊళ్ల చేల మీద పడ్డాయి. రైతుకు అభయారణ్యమంటేనే విముఖత పుట్టింది. ఇంతా చేస్తే ఆ పిట్ట కూడా అక్కడ దాదాపు కనుమరుగైంది. ఊరివాళ్ల మనసు విరిగితే ఏ కంచె అయినా ఎంతకాలం నిలుస్తుంది?

తుపాకీ వస్తే ఎవరికి లాభం?

లైసెన్సులు మళ్లీ ఇచ్చారనే అనుకుందాం. అవి చిన్న రైతు చేతికి వస్తాయా? తుపాకీ కొనగలవాడికి, తూటాకు డబ్బు పెట్టగలవాడికి వస్తాయి. అతడు కొట్టేది కొమ్ములున్న మగదాన్ని. ఒక మగది అనేక ఆడవాటితో జతకడుతుంది గనుక నాలుగు మగవి పోయినంత మాత్రాన మంద తగ్గదు, పైరుకు మేలు జరగదు. ఆడవాటినీ కాల్చడం మొదలుపెడితే 1964 నాటి పరిస్థితి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టదు. ఈ రెండింటి నడుమ ఎక్కడ ఆపాలో చెప్పడానికి నాడూ లెక్కల్లేవు, నేడూ ఊరి వారీగా సరైన లెక్కల్లేవు.

చట్టం సంగతి కూడా రైతులు తెలుసుకోవాలి. అడవి పందుల మాదిరిగా పంట నష్టం చూపి అనుమతి పొందేందుకు కృష్ణజింక విషయంలో వీలు లేదు. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చినప్పుడో, కోలుకోలేని గాయమో రోగమో పాలైనప్పుడో మాత్రమే అనుమతి ఉంటుంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. విసిగిపోయి చేను చుట్టూ కరెంటు తీగ లాగినా, ఉచ్చులు పన్నినా ముప్పు జింక ఒక్కదానికే కాదు. తెల్లవారుజామున నీరు పెట్టవచ్చిన మనిషికీ, మేతకు తోలిన గొడ్డుకూ అదే తీగ తగులుతుంది.

చేయవలసిన పనులు

మరి రైతు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వం. మొదట మందలను ఊరి వారీగా లెక్కించాలి. ఎక్కువగా ఉన్నచోట వాటిని పట్టి తరలించాలి. ఇది కాని పని కాదు. మధ్యప్రదేశ్‌లోని శాజాపూర్ ప్రాంతంలో 2025 అక్టోబరులో హెలికాప్టరుతో అదిలించి, గరాటు ఆకారపు దడిలోకి తోలి, 800కు పైగా కృష్ణజింకలను పట్టి రక్షిత అరణ్యాలకు చేర్చారు. ఒక్క తూటా పేలలేదు. కృష్ణా తీరానికి ఆ పద్ధతి ఎందుకు రాకూడదు?

రెండవది పరిహారం. అడవి జంతువుల వల్ల కలిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్న జాబితా ఇవ్వవలసింది రాష్ట్రాలు. ఆ జాబితాలో కృష్ణజింక పేరు, ఈ మెట్ట ప్రాంతాల పేర్లు ఉండాలి. నష్టం జరిగిన 72 గంటల్లో సెల్‌ఫోన్ ద్వారా ఫొటోలతో తెలపాలన్న షరతు ఉంది. ఫోను వాడకం రాని రైతుకు గ్రామంలోనే సాయపడే ఉద్యోగి ఉండాలి. పట్టాదారుతో పాటు చేను వేసిన కౌలు రైతుకూ పరిహారం అందాలి. మొలక దశలో పోయిన పైరుకు మళ్లీ విత్తనం ఖర్చయినా వెంటనే చేతికి రావాలి. పంట పోయిన ఏడాదికి వచ్చే చెక్కు విత్తనాల అదనుకు అక్కరకు రాదు.

మూడవది మేత. మిగిలిన బీళ్లను, నదీ తీరపు పచ్చికను ఆక్రమణల నుంచి కాపాడితే మందలకు చేను తప్ప గతి లేదన్న పరిస్థితి తప్పుతుంది.

ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక రాష్ట్ర జంతువు. దానికి ఆ గౌరవం ఇచ్చిన ప్రభుత్వాలు దాని మేత ఖర్చును మాత్రం ఊరివాళ్లకు వదిలేయడం ధర్మం కాదు. గ్రామసభలు తుపాకీ అడిగే తీర్మానాలు మాని లెక్కింపు, తరలింపు, బీమా కోరుతూ తీర్మానాలు చేసి కలెక్టరుకు పంపాలి. వచ్చే విత్తనాల అదనులోగా అధికారులు వాటికి జవాబు చెప్పాలి.