సత్య నాదెళ్ల గారికి: సర్వర్ గడువు సంగతి యజమానికీ తెలియాలి

మైక్రోసాఫ్ట్ ఛైర్మన్, సీఈఓ శ్రీ సత్య నాదెళ్ల గారికి,

ఒంగోలు చుట్టుపక్కల చిన్న ఆసుపత్రులు, మిల్లులు, స్కూళ్లలో సర్వర్లు చూసుకోవడం నా పని. విండోస్ సర్వర్ ట్రయల్ కాపీల గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. విండోస్ సర్వర్ 2012 విడుదలైనప్పుడు ఆ విభాగం పగ్గాలు మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఈ విషయం మీకు కొత్త కాదు.

ట్రయల్ ఇవ్వడం మంచి పని. 2008 వెర్షన్‌కి 60 రోజులే ఇచ్చేవారు, పొడిగించుకుంటూ పోతే 240 రోజుల దాకా వచ్చేది. ఇప్పుడు ఒకేసారి 180 రోజులు ఇస్తున్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో కోర్సులు చేసిన నాలాంటివాళ్లం యాక్టివ్ డైరెక్టరీ, డీఎన్ఎస్ నేర్చుకున్నది ఈ కాపీల మీదే. లైసెన్స్ కొనే స్తోమత అప్పుడు మాకెవరికీ లేదు. అందుకు మీ సంస్థ మేలు మరిచిపోలేను. నా అభ్యంతరమల్లా గడువు ముగిసే తీరు మీదే.

గడువు దాటాక సర్వర్ గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది. ముందస్తు హెచ్చరికగా కనబడేది డెస్క్‌టాప్ మీద కుడివైపు కింద మూలన ఇంకా ఎన్ని రోజులున్నాయో చెప్పే ఒక చిన్న వాక్యం. దాన్ని చూసేదెవరు? మా ఊళ్లలో సర్వర్‌కి మానిటరే ఉండదు. ఒకసారి పెట్టి వెళ్లాక నెలల తరబడి దాంట్లోకి లాగిన్ అయ్యేవాళ్లుండరు.

ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఫోనొచ్చింది. ‘‘అన్నా, సిస్టమ్ ఊరికే ఆగిపోతోంది, యూపీఎస్ పోయినట్టుంది’’ అన్నాడు బిల్లింగ్ కుర్రాడు. నేను వెళ్లేసరికే యూపీఎస్ బ్యాటరీలు మార్పించేశారు. ఫార్మసీలో బిల్లులు చేత్తో రాస్తున్నారు, డిశ్చార్జ్ కావాల్సినవాళ్లు కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. కౌంటర్ కిందున్న సర్వర్‌కి ల్యాబ్‌లోని మానిటర్ తెచ్చి తగిలించి ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. లైసెన్స్ గడువు చూసే డబ్ల్యూఎల్ఎంఎస్ సర్వీసు పేరుతో గంట గంటకీ అదే నమోదు: లైసెన్స్ గడువు తీరింది, సిస్టమ్ ప్రతి గంటా షట్‌డౌన్ అవుతోంది అని. సర్వర్ పెట్టినవాళ్లు ట్రయల్ కాపీ ఎక్కించి, ఆ ముక్క డాక్టర్ గారికి చెప్పకుండా డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. తప్పు వాళ్లది. కానీ ఆ తప్పు యజమాని కంటపడే దారి మీ సాఫ్ట్‌వేర్‌లో లేదు.

డాక్టర్ గారు ఆ రోజే లైసెన్స్ కొంటానన్నారు. మామూలు సర్వరైతే డిజమ్ కమాండ్‌తో కొత్త కీ ఇచ్చి ట్రయల్‌ని అసలు ఎడిషన్‌గా మార్చేయొచ్చు. ఇదేమో డొమైన్ కంట్రోలర్, అంటే నెట్‌వర్క్‌లో అందరి లాగిన్లూ చూసే సర్వర్. దాన్ని అలా మార్చడం కుదరదని మీ డాక్యుమెంటేషనే చెబుతుంది. లైసెన్స్ ఉన్న ఇంకో సర్వర్ మీద రెండో డొమైన్ కంట్రోలర్ నిలబెట్టి, రోల్స్ దానికి మార్చి, పాతదాన్ని తప్పించాలి. గంటకోసారి ఆగిపోయే మెషీన్‌తో ఈ పనంతా ఎలా చేయాలి? ఎస్ఎల్ఎంజీఆర్‌లో రీఆర్మ్ ఇంకా మిగిలి ఉంది కాబట్టి గడువు మళ్లీ మొదలుపెట్టి గండం గట్టెక్కించాను. అదీ అయిపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

అలాంటి సమయంలో ఎవరో ఒకరు క్రాక్ పట్టుకొస్తారు. ముందు ఎలాగోలా పని నడవాలి కదా అని యజమాని ఊ అంటాడు. రోగుల వివరాలున్న సర్వర్‌లోకి ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో దూరుతుంది. నాకు అన్నిటికన్నా భయం ఇదే.

కాబట్టి నా విన్నపం వినండి. ట్రయల్ కాపీని ఎవరైనా డొమైన్ కంట్రోలర్‌గా మార్చబోతుంటే, దీన్ని తర్వాత లైసెన్స్ వెర్షన్‌గా మార్చలేరని అక్కడికక్కడే చెప్పండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే యజమాని ఈమెయిల్ అడిగి, ఆఖరి నెలలో ఆయనకే కబురు పంపండి. ట్రయల్‌ని మొదటి 10 రోజుల్లో ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ చేయాలని మీరే అడుగుతున్నారు, అంటే ఆ సర్వర్ ఉన్నట్టు మీకు తెలుసు. గడువు తీరాక కూడా మెషీన్‌ని ఆపేయకుండా కొన్నాళ్లు ఫైళ్లు చదువుకోనివ్వండి, బ్యాకప్ తీసుకోనివ్వండి. కొత్త పని ఆపితే చాలు, లైసెన్స్ కొనక తప్పదు.

నేర్చుకునే పిల్లల కోసం ఇంకొక్క మాట. 2016లో ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్‌ని మీ సంస్థ ఉచితం చేసింది. అన్ని ఫీచర్లూ ఉంటాయి, గడువు లేదు, డెవలప్‌మెంట్‌కీ, పరీక్షలకీ తప్ప అసలు పనికి (ప్రొడక్షన్‌లో) వాడకూడదన్నదే షరతు. దానివల్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ అమ్మకాలేం ఆగిపోలేదు. విండోస్ సర్వర్‌కీ అలాంటి ఎడిషన్ ఇస్తే ల్యాబ్ కట్టుకున్న కుర్రాడు గడువు తీరినప్పుడల్లా అంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే, వచ్చే వెర్షన్‌లో డొమైన్ కంట్రోలర్ హెచ్చరికైనా పెట్టించండి. మీ ఇంజనీర్లకు అది ఒక్క డైలాగ్ బాక్స్ పని.

ఇట్లు,
ఒక సర్వర్ టెక్నీషియన్,
ఒంగోలు