సీఎస్‌ఈ వస్తే చాలు, కాలేజీ ఏదైనా పర్లేదా?

ఏటా ఎంసెట్టు ర్యాంకులు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. (ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో దాని పేరు ఈఏపీసెట్ అని మార్చారు గానీ, మన నోటికి ఇంకా ఎంసెట్టే.) "ఒరేయ్, మీ తమ్ముడికి ఇరవై వేల ర్యాంకు వచ్చిందిరా, సీఎస్‌ఈ ఎక్కడొస్తుందో చూసిపెట్టు." గమనించారా? ఏ బ్రాంచి చదవాలీ అన్నది అసలు ప్రశ్నే కాదు. అది వాడు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే ఇంట్లో తేలిపోయింది. ఇప్పుడు మిగిలిందల్లా ఎక్కడ అన్నదే.

ఇక వెబ్ ఆప్షన్లు చూడండి. ఎన్నయినా పెట్టుకోవచ్చు, ర్యాంకుని బట్టి పైనుంచి ఏది అందితే అదే సీటు. అంటే పెట్టిన వరుసే ప్రాణం. మనవాళ్ళ వరుస ఎలా ఉంటుందంటే, ముందు పేరున్న కాలేజీల్లో సీఎస్‌ఈ. తర్వాత పేరు లేని కాలేజీల్లో సీఎస్‌ఈ. తర్వాత అదే సీఎస్‌ఈకి ఏఐ, డేటా సైన్సు, సైబర్ సెక్యూరిటీ అని తోకలు తగిలించినవి. తర్వాత ఊరవతల బోర్డు తప్ప ఏమీ లేని చోట సీఎస్‌ఈ. ఇవన్నీ అయ్యాక, నూటపాతికో నంబరు దగ్గర, యూనివర్సిటీ కాలేజీలో సివిల్! పొరపాటున ఆ సివిల్ సీటే వచ్చిందా, ఇంట్లో శోకాలు, ఆ పైన ఇంటర్నల్ స్లైడింగు కోసం పరుగులు.

ఈ వరుస తలకిందులుగా ఉందని నా వాదన. మంచి కాలేజీలో సీఎస్‌ఈ వస్తే నిక్షేపంగా చేరండి, దాని గురించి నాకు పేచీ లేదు. నేను మాట్లాడేది పనికిమాలిన కాలేజీలో సీఎస్‌ఈ కోసం మంచి కాలేజీలో ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ వదులుకునే వాళ్ళ గురించి.

ఎందుకంటే ఈ తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. నేను చదివింది ఈఈఈ, చేస్తున్నది సాఫ్టువేరు. మా టీములో మెకానికల్ వాళ్ళున్నారు, ఈసీఈ వాళ్ళున్నారు, ఒక కెమికల్ ఆయన కూడా ఉన్నాడు. మన ఐటీ సర్వీసు కంపెనీలు ఏళ్ళ తరబడి అన్ని బ్రాంచిల వాళ్ళనీ తీసుకుంటూనే ఉన్నాయి. కానీ సీఎస్‌ఈ చదివినవాడు ఇరిగేషన్ శాఖలో ఏఈఈ కాలేడు. ట్రాన్స్‌కోలో ఎలక్ట్రికల్ ఏఈ కాలేడు. యూపీఎస్సీ పెట్టే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షలో ఉన్నవి నాలుగే విభాగాలు: సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్. కంప్యూటర్ సైన్సుకి అక్కడ విడిగా చోటే లేదు. రెండు తలుపులున్న ఇంటిని వదిలి ఒకే తలుపున్న ఇంటికి ఎక్కువ అద్దె కట్టడం తెలివి ఎలా అవుతుంది?

"కోర్‌లో జీతాలెక్కడివి బాబూ?" అంటారు. నిజమే, ప్రైవేటులో సివిల్, మెకానికల్ మొదటి జీతాలు తక్కువే. ఎండలో సైటు పని. కానీ మీరు పోలుస్తున్నది ఎవరితో? పెద్ద కాలేజీలో సీఎస్‌ఈ చదివి మంచి ప్యాకేజీ కొట్టిన పక్కింటబ్బాయితో. మీవాడు చేరబోయేది ఆ కాలేజీ కాదు కదా! క్యాంపస్ సెలక్షన్లకి కంపెనీలు కాలేజీని చూసి వస్తాయి, బ్రాంచి పేరు చూసి కాదు. పైగా కొత్తగా చేరినవాళ్ళకి మేమిచ్చే చిన్నాచితకా కోడింగు పని ఇప్పుడు ఏఐ చేసిపెడుతోంది. టీసీఎస్ అంతటి సంస్థ 2025 జులైలో సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటానని ప్రకటించింది. సాఫ్టువేరు చచ్చిపోతుందని అనను, నా అన్నం అదే. అరకొర చదువుతో దూరిపోయే సందులు మాత్రం మూసుకుపోతున్నాయి.

"ఎమ్మెస్‌కి అమెరికా పంపిస్తాం" అంటారా? అక్కడి స్టెమ్ జాబితాలో సివిల్, మెకానికల్ కూడా ఉన్నాయి. హెచ్-1బి సంగతంటారా, బయటి దేశాలనుంచి తెచ్చుకునే కొత్త ఉద్యోగికి లక్ష డాలర్ల ఫీజు అని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఆ ఫీజు మీ బ్రాంచి అడిగి వెయ్యరు.

తప్పు పిల్లలదా అంటే కాదు. రెండేళ్ళు హాస్టల్లో తెల్లారుజాము నుంచి రాత్రిదాకా బిట్లు బట్టీ పట్టిన పదిహేడేళ్ళవాడికి సబ్‌స్టేషన్ ఎవరు చూపించారు? ఐసర్ అనే సంస్థ 2015 నుంచి తిరుపతిలోనే ఉందనీ, సైన్సు సైన్సుగా చదువుకోవచ్చనీ వాడికి ఎవరైనా చెప్పారా? చెప్పరు. వాడు "ఇష్టపడి" పెట్టిన ఆప్షన్లని మనం అనుకుంటున్నవి నిజానికి మన భయాల జాబితా.

కాలేజీలకి ఈ భయమే పెట్టుబడి. లేతులూ ఫౌండ్రీలూ కొనేకంటే నాలుగు వరసల కంప్యూటర్లు పెట్టడం తేలిక. 2024-25 నుంచి ఏఐసీటీఈ సీట్ల మీద పరిమితి ఎత్తేసింది. సివిల్, మెకానికల్ తగ్గించి కంప్యూటర్ సీట్లు పెంచుకుంటామని కాలేజీలు ఎగబడ్డాయి. తెలంగాణలో ప్రభుత్వం ఒప్పుకోకపోతే 2024లో కొన్ని హైకోర్టుకే వెళ్ళాయి. సీట్లయితే పెరుగుతాయి, చెప్పేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? మెకానికల్లో ఎం.టెక్ చేసిన నా స్నేహితుడొకడు ఒక కాలేజీలో ఇప్పుడు పైథాన్ చెప్తున్నాడు. ముందురోజు రాత్రి యూట్యూబులో చూసి, మర్నాడు పాఠం. మీరు కట్టే ఫీజు దానికి!

చివరగా, ఇది ఒక్క ఉద్యోగాల లెక్క కాదు. మన నేలని నిలబెట్టింది నీళ్ళ ఇంజనీర్లు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్, 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకి దారి చూపిన విశ్వేశ్వరయ్య, నిజాంసాగర్ కట్టిన అలీ నవాజ్ జంగ్, మన కె.ఎల్. రావు. ఇప్పుడో? 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగాయి. 2025 ఫిబ్రవరిలో ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. సివిల్ సీట్లు ఖాళీగా ఉన్నందుకే ఇవి జరిగాయని అనేంత అమాయకుణ్ణి కాను. కానీ వీటిని బాగుచేసేవాళ్ళు, రేపు ఇంకా పెద్దవి కట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఇష్టంగా చదువుకుని రావాలి కదా. తెలివైన పిల్లలందరినీ ఒకే గదిలోకి తోసేసి తాళం వేస్తే ఎలా?

అందుకని, ఆప్షన్లు పెట్టేముందు ఒక్కపని చెయ్యండి. మీరనుకున్న కాలేజీకి స్వయంగా వెళ్ళి, మూడో సంవత్సరం పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని, పాఠాలు ఎవరు చెప్తున్నారో అడగండి. సమాధానం నచ్చకపోతే ఆ సీఎస్‌ఈని కిందకి జరిపి, ఆ నూటపాతికో నంబరుని పైకి తీసుకురండి. కాదంటారా? ఎందుకు కాదో చెప్పండి, వాదించుకుందాం.