మగ్గమెరుగని నేతకథలు

షోలాపురపు తెలుగు నేతపనివారినిగూర్చి కథలు వ్రాయబడుచున్నందుకు మేము సంతోషింపవలసినదే. కాని ఇటీవల మా చేతికి వచ్చిన ఒక కథ చదివిన పిమ్మట ఆ సంతోషము నిలువలేదు. అందు భవానిపేటలోని నాయకుడు ఇంట గుంటమగ్గముకడ కూర్చుండి, దీపపు వెలుగున నాడె విసరుచు కంటతడి పెట్టుచుండును. రచయిత భాష మృదువైనది. కరుణరసమునకు లోటు లేదు. లోటున్నది విచారణలోనే.

భవానిపేట సందులలో ఒక్క పూట నడచినను చెవులే చెప్పును: అచ్చట మ్రోగునది మరమగ్గము. ఇది చిన్న పొరపాటనియు, కథకు పట్టింపు లేదనియు కొందరందురు. మేమట్లనుకొనము. గుంటమగ్గము నేతగాని సొత్తు కావచ్చును. మరమగ్గము నడుపువారిలో పెక్కురు పరుల కార్ఖానాలో, నేసినదానినిబట్టి కూలి పుచ్చుకొనువారు. వారి దుఃఖము కూలి రేటునుండి, కరెంటు నిలిచిన గంటలనుండి, మోతకు మొద్దుబారిన చెవులనుండి పుట్టినది. మగ్గమును తప్పు వ్రాసినవాడు దుఃఖకారణమునుగూడ తప్పు వ్రాసెను. కార్ఖానాదారుడు ఆ కథలో లేనే లేడు!

జర్మను నాటకకర్త గెర్హార్ట్ హౌప్ట్‌మన్ తాత నేతగాడు. 1844 నాటి సైలీషియా నేతపనివారి తిరుగుబాటుపై నాటకము వ్రాయబూనినపుడు, ఇంట విన్న ముచ్చటలే చాలునని ఆయన అనుకొనలేదు. చరిత్రగ్రంథము చదివెను; 1891లో ఆ పల్లెలకు పోయి కన్నులార చూచెను; తొలుత వారి మాండలికముననే వ్రాసెను. 1892లో బెర్లిను పోలీసులు ప్రదర్శనమును నిషేధించిరి. ఆ నాటకము మగ్గముకడ ఆరంభము కాదు. నేసిన బట్ట అప్పగించి, గుమాస్తా తప్పులెన్నుచుండగా కూలికై చేయి చాచు చోట ఆరంభమగును. ఆ చోటు కనిపెట్టుటయే పరిశోధన.

మన రచయితలకు పరిశోధన యనిన గ్రంథాలయమే. 1930 మే నెలలో షోలాపురమున సైనికశాసనము విధించుటయు, 1931 జనవరి 12న ఎరవాడ కారాగారమున మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్‌లను ఉరితీయుటయు పుస్తకములలో దొరకును. కాని వేయి బీడీలు చుట్టి యిచ్చిన ఇల్లాలికి ఎన్ని పనికిరావని త్రోసివేయబడినవో, ఆకు చాలనపుడు ఆ లోటు ఎవరు భరించిరో ఆమెనడిగిననే తెలియును. ఆమె మరాఠీ కలసిన తెలుగును దిద్దక వ్రాసికొనవలెను. అట్లని సేకరించినదంతయు గుమ్మరించుట మాకు సమ్మతము కాదు. కథ సర్కారు నివేదిక కాదు గదా.

మావారి దోషమును మేము దాచము. రచయిత వచ్చినపుడు కార్ఖానాదారుని గదిలో కూర్చుండబెట్టి, టీ యిచ్చి, రంగురంగుల జకార్డు దుప్పట్లు చూపి సాగనంపుదుము. మగ్గముకడ నిలుచున్నవానిని పిలువము. బీదరికమును వ్రాసిన పరువు పోవునని భయము! అట్లు సాగనంపబడిన అతిథి గుంటమగ్గమును కల్పించుకొనక ఏమి చేయును?

శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవమునకు రాదలచిన రచయితలకు మా మనవి యొక్కటే: పండుగ ముగియగనే బండి యెక్కకుడు. నేతగాడు మరల పనిలోనికి పోవునపుడు వెంట పోవుడు. మగ్గములకడ మాటలాడ యత్నింపకుడు, ఆ మోతలో వినబడదు. పాళీ ముగిసి అతడు బయటకు వచ్చిన పిదప అడుగుడు, కొంచెము గట్టిగా.