కొన్నవాడికే తాళమా?

సంక్రాంతి సేల్‌లో ఒక గేమ్ కొన్నాను. 899 రూపాయలు. చాలామందికి పెద్ద లెక్క కాదేమో కానీ, నాకు అది మూడు నెలలు క్యాంటీన్‌లో ఆమ్లెట్ మానేసి మిగిల్చిన డబ్బు. ఆన్‌లైన్‌లో ఎవరితోనూ పోటీ లేదు, కథంతా మనమొక్కళ్లమే ఆడుకునే గేమ్. హాస్టల్ వైఫైలో రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి, పొద్దున్నే లాప్‌టాప్ సర్దుకుని అమ్మమ్మ వాళ్ల ఊరికి బస్సెక్కేశా.

ఆ ఊళ్లో సిగ్నల్ డాబా మీద తప్ప ఎక్కడా రాదు. గదిలో కూర్చుని గేమ్ ఓపెన్ చేస్తే "సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాం" అని వచ్చింది. లాప్‌టాప్ డాబా మీదకి మోసుకెళ్లి, ఫోన్ హాట్‌స్పాట్ పెడితే స్టార్ట్ అయింది. కిందికి దిగిన ఐదు నిమిషాలకి మళ్లీ ఆగిపోయింది. నేను మెట్లెక్కడం, దిగడం చూసి అమ్మమ్మ అడిగింది: "డబ్బులు కట్టావు కదరా, ఇంకా ఎవర్ని అడగాలంట అది?"

సమాధానం చెప్పలేకపోయా. రూమ్మేట్‌కి ఫోన్ చేస్తే పడీ పడీ నవ్వాడు. "మామా, నాది క్రాక్ చేసింది రా. దానికి నెట్టే అక్కర్లేదు." అదే గేమ్. వాడు ఒక్క రూపాయి కట్టలేదు. హాయిగా ఆడుతున్నాడు.

ఈ తాళం పేరు డీఆర్‌ఎమ్, అంటే డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్. కాపీ కొట్టకుండా ఆపడానికి పెట్టిందే. కానీ క్రాక్ చేసేవాడు ముందు తాళం తీసేసి, తర్వాతే పంచుతాడు. అంటే తాళం మిగిలేది కొన్నవాడి కాపీలోనే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

ఇది నా ఒక్కడి గోల కాదు. 2008లో స్పోర్ అనే గేమ్ వచ్చింది. మూడు కంప్యూటర్లలోనే యాక్టివేట్ చేసుకోవాలని రూల్. ఆ మూడూ అయిపోతే డబ్బు కట్టినవాడు కూడా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి బతిమాలుకోవాలి. ఇంత చేసినా విడుదలకు ముందే క్రాక్ కాపీ నెట్‌లోకి వచ్చేసింది. కొన్నవాళ్లు మండిపడి అమెజాన్‌లో ఒక్క స్టార్ రివ్యూలు కుమ్మరించారు. చివరికి కంపెనీ ఆ మూడుని ఐదు చేసింది.

2013 మార్చిలో సిమ్‌సిటీ. నెట్ లేకపోతే నడవదన్నారు. మొదటి రోజుల్లో సర్వర్లు పడిపోయి, కొన్నవాళ్లు క్యూలో కూర్చున్నారు. సరిగ్గా ఏడాదికి, 2014 మార్చిలో, అదే గేమ్‌కి ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చారు. అంటే నెట్ లేకుండా కుదరక కాదు, అప్పుడు కుదర్చలేదంతే.

ది క్రూ కథ ఇంకా ఘోరం. 2014లో వచ్చిన ఈ కార్ రేసింగ్ గేమ్‌ని ఒంటరిగా కూడా ఆడొచ్చు. కానీ ఎలా ఆడినా సర్వర్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్ ఆపేశారు. డిస్క్ కొని షెల్ఫ్‌లో దాచుకున్నవాళ్లకి మిగిలింది ప్లాస్టిక్ బిళ్ల. ఆ కోపంలోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. యూరప్‌లో వాళ్లు పెట్టిన పిటిషన్‌కి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి.

కంపెనీల వాదన నాకు అర్థం కాకపోలేదు. గేమ్ వెనక వందల మంది ఏళ్ల తరబడి చేసిన పని ఉంటుంది. మొదటి వారాల్లోనే క్రాక్ వచ్చేస్తే నష్టమే. నా రూమ్మేట్ చేసింది కరెక్ట్ అని నేను అనట్లేదు, వాడి మొహం మీదే చెప్పాను. కానీ తాళం లేకపోతే గేములు అమ్ముడుపోవు అనే మాట మాత్రం ఒప్పుకోను. 2015లో వచ్చిన ది విచర్ 3కి తాళం లేని కాపీ మొదటి రోజు నుంచే గాగ్ స్టోర్‌లో ఉంది. అయినా ఆ గేమ్ మొత్తం మీద 5 కోట్ల కాపీలు దాటింది.

మన దేశంలో కాపీరైట్ చట్టానికి 2012లో 65ఎ అనే సెక్షన్ చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు. సరే, న్యాయమే. మరి తాళం వేసినవాడే సర్వర్ ఆపేసి వెళ్లిపోతే? దాని గురించి ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

మన సీనియర్లు సెమిస్టర్ అవ్వగానే పుస్తకాలు మనకిచ్చేస్తారు. కోఠీలో సగం ధరకి కొని, చదివి, మళ్లీ అమ్మేస్తాం. పుస్తకం కొంటే అది మనది. గేమ్ కొంటే దొరికేది లైసెన్స్. మరి బటన్ మీద "కొనండి" అని ఎందుకు రాస్తారు? కాలిఫోర్నియాలో 2025 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా, డిజిటల్ సరుకుని "కొనండి" అని అమ్మకూడదు. మనకీ అలాంటిది రావాలి.

నేను అడిగేది మూడే. ఒంటరిగా ఆడే గేమ్ నెట్ లేకుండా నడవాలి. సర్వర్ ఆపేసే రోజున తాళం తీసేసే అప్‌డేట్ ఇచ్చి ఆపాలి. అద్దెకిస్తుంటే అద్దె అని చెప్పాలి.

ఇది మన క్లబ్ మ్యాగజైన్‌లో ఎందుకు రాస్తున్నానంటే, ఇంకో రెండు మూడేళ్లలో మనలో కొందరం ఇలాంటి కంపెనీల్లోనే చేరతాం. "సర్వర్ దొరక్కపోతే ఏం చెయ్యాలి?" అనే ఆ ఒక్క ఇఫ్ కండిషన్ రాసేది మనమే. ఆడనివ్వాలా, ఆపేయాలా అని టీమ్ మీటింగ్‌లో అడిగే ఛాన్స్ మనకి వస్తుంది. అప్పుడు డాబా మెట్లెక్కి దిగుతున్నవాడు ఒకడుంటాడని గుర్తుంచుకోండి. నాతో ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికలో రాయండి, చదువుతా. నా రూమ్మేట్ కూడా రాస్తానన్నాడు.