ఊరికే విన్నవాళ్లే కొన్నారు

ఇంటి కంప్యూటర్‌లోకి పాటలు దించుకోవడం రాక్ సంగీతాన్ని ముంచేస్తుందన్న మాట 2000లో గట్టిగా వినబడింది. ఆ ఏప్రిల్‌లోనే మెటాలికా బృందం, నెట్‌లో జనం పాటలను ఊరికే పంచుకునే నాప్‌స్టర్ సేవపై దావా వేసింది. అదే ఏడాది రేడియోహెడ్ బృందం ఆల్బమ్ ‘కిడ్ ఎ’ విడుదలకు ముందే నాప్‌స్టర్‌కెక్కింది. అయినా అక్టోబర్‌లో అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానం దానిదే. డయలప్ మోడెమ్‌పై నాలుగు ఎంబీల పాట దిగడానికి పది నిమిషాలు దాటేది. అంత ఓపిక పట్టినవాణ్ణి దొంగ అనేకంటే అభిమాని అనడమే న్యాయం.

పేరున్న బృందం కాబట్టి చెల్లిందంటారు. మరి ఆర్కిటిక్ మంకీస్? ఈ షెఫీల్డ్ కుర్రాళ్లు కచేరీల్లో ఊరికే పంచిన డెమో సీడీలను అభిమానులే నెట్‌లో పెట్టారు. 2006 జనవరిలో వచ్చిన తొలి ఆల్బమ్ బ్రిటన్‌లో అప్పటివరకు ఏ తొలి ఆల్బమూ పోనంత వేగంగా అమ్ముడుపోయింది. అందరికీ ఇలా కలిసిరాలేదు, నిజమే; సీడీల అమ్మకాలూ పడిపోయాయి. కానీ ఒక్క పాట కావాలన్నా సీడీ మొత్తం కొనిపించిన కంపెనీలకు ఆ పతనంలో వాటా లేదనలేం.