నాయనమ్మ కోసిన ద్రాక్ష

మా నాన్నగారి బీరువాలో, లేహ్యాల డబ్బాల వెనక, ఒక ఫ్రెంచి బ్రాందీ సీసా ఉండేది. ఓడల మీద పనిచేసే స్నేహితుడెవరో 1969లో తెచ్చి ఇచ్చారట. పారేయడానికి మొగమాటం, తాగడానికి భయం. మూత తీయకుండానే ఉండిపోయింది. నాన్నగారి తర్వాత అది మా అన్నయ్య వంతుకు వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళకల్లా చూపించి, "యాభై ఏళ్ళు దాటింది! ఇప్పుడు దీని ఖరీదెంతో ఊహించండి" అంటూంటాడు. నేనూ నమ్మాను. ఆ నమ్మకం వదలడానికి ఫ్రాన్సు దాకా వెళ్ళవలసి వచ్చింది.

మా మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. ఓ శలవు రోజున, "మామయ్యా, మన సీసా పుట్టిల్లు చూద్దువుగాని, రా" అని నన్ను కోన్యాక్ తీసుకుపోయాడు. షరాంత్ నది ఒడ్డున చిన్న పట్నం. మొదట కంటబడేది గోడల మీదా, ఇళ్ళ కప్పుల మీదా నల్లటి మసి. ఎప్పుడో ఊరు తగలబడిందేమో అనుకున్నాను. కాదట, అది బూజు. గోదాముల్లోని పీపాలలోంచి ఏటా నూటికి రెండు పాళ్ళ దాకా సరుకు ఆవిరైపోతుంది. ఆ ఆవిరి మీద బతికే బూజు అది. అలా పోయినదాన్ని వాళ్ళు 'దేవదూతల వాటా' అంటారు. మన దేవుళ్ళే నయం, నైవేద్యం చూసి మనకే వదిలేస్తారు.

అక్కడి తెల్లద్రాక్షతో పుల్లటి, పలచటి వైను చేస్తారు. ఊరికే తాగడానికి అదేమంత బాగుండదట. దాన్ని రాగి బట్టీలో రెండుసార్లు కాస్తే, సుమారు తొమ్మిది లీటర్లకి ఒక లీటరు దిగుతుంది, నీళ్ళలా తెల్లగా, గొంతు మండిపోయేలా. ఓక్ కర్ర పీపాల్లో పోసి ఉంచితేనే దానికి రంగూ, వాసనా, నెమ్మదీ వస్తాయి. కనీసం రెండేళ్ళుంటేగాని కోన్యాక్ అని అమ్మనివ్వరు. వి.ఎస్.ఓ.పి. అని రాయాలంటే నాలుగేళ్ళు, ఎక్స్.ఓ. అంటే, 2018 నుంచి, పదేళ్ళు. కర్రలోంచి గాజులోకి మారిందా, వయస్సు అక్కడితో ఆగిపోయినట్టే. మా అన్నయ్య సీసా మీద ఉన్నవి వి.ఎస్.ఓ.పి. అక్షరాలే! యాభై ఏళ్ళ పెద్దమనిషి అనుకున్నది కాస్తా నాలుగేళ్ళ పసిదై కూర్చుంది.

మేం చూసిన గోదాము యజమాని ముసలాయన. చివరన తాళం వేసిన గది తీశాడు. అలాంటి గదిని అక్కడ 'స్వర్గం' అంటారు. లోపల అల్లిన బుట్టల్లో కూర్చోబెట్టిన పెద్ద పెద్ద గాజు జాడీలు. యాభై, అరవై ఏళ్ళు దాటాక ఇంకా పీపాలోనే ఉంచితే కర్ర రుచే మిగులుతుందని వీటిలోకి దించుతారు. ఒకదాని మెడకు కట్టిన చీటీ మీద '1914' అని ఉంది.

ఆ ఏడు ఆగస్టులో యుద్ధం వచ్చింది. మగవాళ్ళు సైన్యంలోకి పోయారు. యుద్ధం వచ్చిందని ద్రాక్ష పండడం మానదు కదా. ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, పిల్లలూ కోశారు. "మా నాయనమ్మ కోసింది. తాతయ్య తిరిగి రాలేదు" అన్నాడాయన. మేనల్లుడు ఆ మాట తెలుగులో చెప్పి, ఊరుకున్నాడు.

చిన్న గ్లాసులో అరచెంచాడు పోశాడు. నేను ముక్కు లోపలికి పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు దూరాన్నించి చూడాలట. ఎండుద్రాక్ష వాసన. కాస్త దగ్గరికి తెస్తే అక్రోటు పప్పు, ఆ వెనక వాన పడ్డ అడవి నేల. బాగా ముదిరినవాటికే వచ్చే ఈ పరిమళానికి 'రాన్సియో' అని పేరు. నాలుక మీద వేసుకుంటే మంటే లేదు. పదినిమిషాల తర్వాత కూడా రుచి నోట్లోనే ఉంది. నాకు తాగుడు అలవాటు లేదు. ఇందులో గుణదోషాలు తేల్చే అర్హత అంతకన్నా లేదు. కాని ఆ గ్లాసు వెంటనే కింద పెట్టబుద్ధి కాలేదు.

"మీ నాయనమ్మగారు రుచి చూశారా?" అని అడిగించాను.

"లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అది పీపాలోనే ఉంది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు."

తిరిగి వచ్చాక ఇదంతా అన్నయ్యకి చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. వదిన మాత్రం, "అయితే ఇన్నాళ్ళూ పాడవకుండా ఉందన్నమాట" అని, సీసా పైని దుమ్ము తుడిచి, మళ్ళీ లేహ్యాల వెనకే పెట్టి తాళం వేసింది.