గోడ రాత కన్నా ముందు గుట్ట రాత

సంపాదకులకు,

పుస్తకంగా అచ్చయిందే సాహిత్యమని, గోడ రాతలు, పచ్చబొట్లు, సినిమా మాటలు కావని గత ఆదివారం మీ వ్యాసకర్త తేల్చేశారు. మరి నన్నయకు ముందటి పద్యాలను ఏ అలమరలో పెడతారు? తొమ్మిదో శతాబ్దపు అద్దంకి శాసనంలో తరువోజ ఉంది. మా జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట బండ మీద, పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన 3 తెలుగు కందాలు ఎండకెండి వానకు తడుస్తూ ఇప్పటికీ ఉన్నాయి. బండకో న్యాయం, గోడకో న్యాయమా?

ప్రతి పచ్చబొట్టూ కవిత్వమని నేననను. అచ్చయిన ప్రతి పుస్తకమూ కాదు కదా! ఇక సినిమా మాటలంటారా, 1957 నాటి ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు వేయించిన ‘వీరతాడు’ మా మనవరాలికీ తెలుసు. నిఘంటువు అది ఇంకా తెరవలేదు.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కరీంనగర్